ఆకు కదలని గాలి

ఆదిత్య ఎల్‌1 గురించి తెలుగులో వచ్చిన రాతలన్నీ ఒకచోట పోగేసుకుని చదివితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వాటిలో ఎక్కువ భాగం 2023 సెప్టెంబర్ 2, ఉదయం 11 గంటల 50 నిమిషాల దగ్గర అయిపోతాయి. శ్రీహరికోట, కౌంట్‌డౌన్, పీఎస్‌ఎల్‌వీ-సీ57, నిప్పులు చిమ్ముతూ నింగికి, ఆపైన చప్పట్లు. మరికొన్ని ఇంకో 127 రోజులు ఓపిక పట్టి, 2024 జనవరి 6న అది అనుకున్న కక్ష్యలోకి చేరిందన్న వార్త దగ్గర ఆగుతాయి. అక్కడి నుంచి అది రోజూ చేస్తున్న పని గురించి చదవడానికి దొరికేది బహు తక్కువ. పెళ్లి గురించి వంద పేజీలు రాసి, కాపురం సంగతి ఒక్క వాక్యంలో తేల్చేసిన నవలలా ఉంటుంది వ్యవహారం.

శ్రీహరికోట మన నేల మీద ఉంది, గర్వం సహజమే. పత్రికలో చోటు తక్కువన్నదీ నిజమే. కానీ కాపురం కథ రాయకపోవడానికి వేరే కారణం కూడా ఉందని నాకనిపిస్తోంది. దానికి కావలసిన మాటల్ని మనం ఎప్పుడూ పరీక్షించి చూడలేదు. సౌర పవనం, సౌర తుఫాను, హీలియోస్ఫియర్. ఈ మూడింటినీ ఇంగ్లీషు నుంచి తెచ్చుకుని, కొన్నింటికి సంస్కృతం చొక్కా తొడిగి, అలాగే వాడేస్తున్నాం. ఒక్కొక్కటీ తీసి చూద్దాం.

అంతకంటే ముందు ‘సూర్యుడి చెంతకు’ అన్న శీర్షిక సంగతి. చాలా చోట్ల కనిపించిన మాట ఇది. ఆదిత్య ఉన్నది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో. సూర్యుడికీ మనకీ మధ్య ఉన్నది 15 కోట్ల కిలోమీటర్లు. అంటే నూటికి ఒక వంతు. విశాఖపట్నం నుంచి అరకు వెళ్దామని బయల్దేరి, 115 కిలోమీటర్లలో మొదటి కిలోమీటరు దాటగానే బండి ఆపి కూర్చున్నట్టు. అక్కడే ఎందుకు ఆగిందంటే, సూర్యుడి లాగుడూ భూమి లాగుడూ కలిసి, భూమితో పాటే ఏడాదికొకసారి సూర్యుణ్ణి చుట్టి వచ్చేలా వస్తువుని పట్టి ఉంచే చోటు అది. దాని చుట్టూ ఆదిత్య సుమారు 178 రోజులకొక చుట్టు తిరుగుతుంది. గ్రహణాలు లేవు, రాత్రి లేదు. ముఖ్యంగా, భూమి అయస్కాంత క్షేత్రం నీడ లేదు. సూర్యుడి నుంచి వచ్చేది ఇంకా ఏమీ తగలకుండా, వచ్చింది వచ్చినట్టే అక్కడ దొరుకుతుంది. దగ్గరికి వెళ్లడం దాని పనే కాదు. గుమ్మంలో నిలబడి, వచ్చేవాళ్లని లెక్కపెట్టడం దాని పని.

ఇప్పుడు మొదటి మాట, గాలి.

ఉత్తరాంధ్రలో ఈ మాటకి ఒక తేదీ ఉంది, 2014 అక్టోబర్ 12. గంటకి 180 కిలోమీటర్ల వేగంతో హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటి, అక్కడితో ఆగకుండా కనుమలెక్కింది. అరకు, పాడేరు వైపు కాఫీ తోటలకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలి కాఫీ మొక్కల మీద పడ్డాయి. ఆ చెట్లకి పాకిన మిరియాల తీగలూ వాటితో పాటే నేలకొచ్చాయి. కాఫీ మొక్క మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది, నీడచెట్టు ఎదగడానికి ఇంకా ఎక్కువ. గాలి అంటే అక్కడివాళ్లకి అది.

సౌర పవనాన్ని అదే తూకంలో వేసి చూద్దాం. దాని వేగం మామూలు రోజుల్లో సెకనుకి 400 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విశాఖకి రెండు సెకన్లు కూడా పట్టదు. వినగానే హుద్‌హుద్ దీని ముందు ఎంత అనిపిస్తుంది. కానీ భూమి దగ్గర ఆ గాలిలో ఉండేది ఒక ఘన సెంటీమీటరుకి అయిదో పదో కణాలు. మనం పీల్చే గాలిలో అదే చోట రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులుంటాయి. హుద్‌హుద్ గాలి ఒక చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల బరువుతో నెట్టి ఉంటుంది. సౌర పవనం నెట్టే బలం అందులో సుమారు లక్ష కోట్లో వంతు. కాఫీ ఆకుని అంతరిక్షంలో దీనికెదురుగా పెడితే ఆ ఆకు కదలదు.

మరి దీన్ని గాలి అని ఎందుకన్నారు? ఇక్కడే మన అనువాదాలు ఒక మంచి కథని వదిలేశాయి.

1950లలో సూర్యుడి చుట్టూ ఉన్న కరోనా గురించి ఇద్దరు పెద్దలు రెండు మాటలన్నారు. (2020 తర్వాత తెలుగులో కరోనా అని రాస్తే ఎవరికైనా ముందు మాస్కే గుర్తొస్తుంది. నేనంటున్నది సంపూర్ణ గ్రహణం నాడు నల్లటి బిళ్ల చుట్టూ తెల్లగా కనిపించే వెలుగు గురించి.) సిడ్నీ చాప్‌మన్ లెక్క ప్రకారం ఆ పలచటి వాయువు భూమి దాకా, ఇంకా అవతలిదాకా పరుచుకుని ఉంటుంది. అయితే కదలదు, నిలవ నీరులా ఉంటుంది. లుడ్విగ్ బియర్‌మన్ తోకచుక్కల్ని చూసి ఇంకో మాటన్నాడు. తోకచుక్క ఎటు పోతున్నా దాని తోక మాత్రం సూర్యుడికి ఎదురు దిక్కునే చూస్తోంది, అంటే సూర్యుడి నుంచి కణాలు నిత్యం ఎగిసివస్తూ దాన్ని నెడుతున్నాయి. నిలవ నీరూ, ప్రవాహమూ ఒకేచోట ఎలా ఉంటాయి? చికాగో విశ్వవిద్యాలయంలో ముప్పై ఏళ్ల యూజీన్ పార్కర్ ఈ చిక్కుముడి పట్టుకున్నాడు. అంత వేడి ఉన్న కరోనా నిలవ ఉండలేదు, వ్యాకోచిస్తూ, దూరం పోయేకొద్దీ వేగం పుంజుకుని, ధ్వని వేగాన్ని మించిపోతుందని 1958లో లెక్కకట్టి చూపించాడు. దానికి పెట్టిన పేరే సౌర పవనం. వేడెక్కిన వాయువు ఒక ద్రవంలా మొత్తంగా కదిలిపోతుందన్న వాదన ఆ ‘పవనం’లో ఉంది. చాప్‌మన్‌కి జవాబుగా పుట్టిన మాట అది.

పత్రికకి పంపితే ఇద్దరు సమీక్షకులు కుదరదన్నారు. ఆస్ట్రోఫిజికల్ జర్నల్ సంపాదకుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆయనకీ ఆ ఆలోచన నచ్చలేదు. కానీ సమీక్షకులు తప్పన్నారే గానీ లెక్కలో తప్పు ఎక్కడుందో చూపలేదు. తను చూస్తే తనకీ దొరకలేదు. వేసేశాడు. సాహిత్య పత్రికలు నడిపేవాళ్లు గోడకి అంటించుకోవాల్సిన కథ ఇది. నచ్చకపోవడం వేరు, తప్పు కావడం వేరు.

అచ్చయ్యాక కూడా గొడవ చల్లారలేదు. జోసెఫ్ చాంబర్లేన్ అనే ఆయన, కదలడం నిజమే అనుకున్నా అది ఇంత వేగంగా కదలదు, సెకనుకి పదుల కిలోమీటర్లకి మించదు అన్నాడు. దాన్ని ‘విండ్’ అనకూడదు, ‘బ్రీజ్’ అనాలన్నాడు. ఈ తగాదా తెలుగులో ఎంత చక్కగా ఒదుగుతుందో చూడండి: ఈదురుగాలా, పిల్లగాలా? మన దగ్గర వడగాలి ఉంది, పైరగాలి ఉంది, సుడిగాలి ఉంది. గాలికి ఇన్ని పేర్లున్న భాషలో ఈ తగువు ఏ పల్లెటూరి అరుగు మీదైనా చెప్పొచ్చు. మనమేమో ‘సౌర పవనాలు’ అని పరీక్ష జవాబులాంటి మాట ఒకటి పెట్టేసుకుని ముందుకెళ్లిపోయాం. పేరు తెచ్చుకున్నాం, పేరు వెనక పోట్లాటని అక్కడే వదిలేశాం.

ఆ పోట్లాట తీర్చింది మాటలు కాదు, ఒక లెక్క. 1962 ఆగస్టు 27న శుక్రగ్రహం వైపు బయల్దేరిన మరైనర్ 2, దారిలో వంద రోజులకి పైగా కణాల్ని లెక్కపెట్టింది. గాలి ఒక్కరోజు కూడా ఆగలేదు. వేగం సెకనుకి వందల కిలోమీటర్లు. పిల్లగాలి ఓడిపోయింది. ఆ డేటా మీద మార్షియా న్యూగెబావర్, కాన్వే స్నైడర్‌లతో కలిసి 1963లో ఒక పరిశోధనాపత్రం రాసిన మూడో మనిషి, అప్పుడు ఎమ్‌ఐటీలో ఉన్న ఉడుపి రామచంద్రరావు. తర్వాత ఇస్రో ఛైర్మన్ అయిన యు.ఆర్. రావు ఆయనే. గాలి వేగం పెరిగినప్పుడు భూమి అయస్కాంత క్షేత్రంలో కలత కూడా పెరుగుతోందని ఆ పత్రం చూపించింది. ఆరు దశాబ్దాల తర్వాత శ్రీహరికోట నుంచి లేచిన నౌక ఆ పనికి కొనసాగింపు. మన వార్తల్లో ఈ దారం కనబడదు. ఆదిత్య హఠాత్తుగా ఆకాశంలోంచి ఊడిపడినట్టు, కాదు, ఆకాశంలోకి ఊడిపోయినట్టు ఉంటుంది.

ఆదిత్య మీద ఉన్న ఏడు పరికరాల్లో నాలుగు సూర్యుణ్ణి దూరం నుంచి చూస్తాయి. మిగతా మూడూ తమ మీదకి వచ్చిపడేదాన్ని అక్కడికక్కడే కొలుస్తాయి. కణాల్ని లెక్కపెట్టేవి ఆస్పెక్స్, పాపా. అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేది మాగ్నెటోమీటర్. ఆస్పెక్స్‌ని అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబరేటరీ, పాపాని తిరువనంతపురంలోని స్పేస్ ఫిజిక్స్ లేబరేటరీ తయారుచేశాయి. ఆస్పెక్స్‌లో స్విస్ అనే భాగం ఉంది. వంపు తిరిగిన సందులో రెండు పలకల మధ్య వోల్టేజీ పెడతారు. ఒక్కో వోల్టేజీ దగ్గర ఒక్కో శక్తి ఉన్న కణాలకే ఆ వంపు దాటే దారి దొరుకుతుంది. మిగతావి గోడకి కొట్టుకుంటాయి. వోల్టేజీని మెట్లు మెట్లుగా మారుస్తూ పోతే ఏ శక్తితో ఎన్ని కణాలొచ్చాయో తెలిసిపోతుంది. ఎక్కువగా ప్రోటాన్లు, కొన్ని హీలియం కేంద్రకాలు.

2023 డిసెంబర్ మొదట్లో ఇస్రో ఈ స్విస్ తొలి గ్రాఫు విడుదల చేసింది. నవంబర్‌లో రెండు రోజులపాటు ప్రోటాన్ల, ఆల్ఫా కణాల లెక్కల్లో వచ్చిన మార్పులు అందులో ఉన్నాయి. వారం తిరక్కుండా సూట్ అనే టెలిస్కోపు తీసిన సూర్యుడి ఫోటోలు వచ్చాయి. ఏది ఫోన్లలో తిరిగిందో చెప్పక్కర్లేదు. బొమ్మ అందంగా ఉంది, నేనూ వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాను. కానీ ఆ గ్రాఫు దగ్గర తెలుగులో ఎవరైనా నాలుగు నిమిషాలు నిలబడి, ఈ గీత ఎందుకు లేచింది, ఎందుకు పడింది అని చెప్పి ఉంటే బాగుండేది. నా ఉద్యోగంలో రోజంతా సర్వర్ లాగ్‌లు చదువుతుంటాను. లాగ్‌లో ఏ ఒక్క లైనూ తనంతట తాను వార్త కాదు. నిన్నటిలా ఇవాళ లేదెందుకు అన్న ప్రశ్న వేసుకుంటేనే అది మాట్లాడటం మొదలుపెడుతుంది. చదవడం అంటే సాహిత్యంలోనైనా అంతే కదా.

చూడటానికీ లెక్కపెట్టడానికీ ఉన్న తేడా ఎంత దూరం పోతుందో రెండో మాట దగ్గర తెలుస్తుంది: తుఫాను.

సూర్యుడి నుంచి ఒక్కోసారి అయస్కాంత క్షేత్రాన్ని చుట్టుకున్న పెద్ద మేఘం విడిపోయి వస్తుంది. టెలిస్కోపులో అది బయల్దేరడం కనిపిస్తుంది. రెండు మూడు రోజుల్లో మన వైపు రావచ్చని చెప్పొచ్చు. కానీ అది హాని చేస్తుందా లేదా అన్నది దాని అయస్కాంత క్షేత్రం ఎటు తిరిగి ఉందన్న దాని మీద చాలావరకు ఆధారపడుతుంది. ఉత్తరానికి తిరిగి ఉంటే భూమి క్షేత్రం దాన్ని చాలావరకు పక్కకి నెట్టేస్తుంది. దక్షిణానికి తిరిగి ఉంటే రెండు క్షేత్రాలూ కలిసిపోయి తలుపు తెరుచుకుంటుంది. ఈ దిక్కు ఏ ఫోటోలోనూ నేరుగా కనబడదు. మేఘం ఎల్‌1లో ఉన్న నౌకని తాకినప్పుడే ఖాయంగా తెలుస్తుంది. ఉత్తరం వస్తోందని పోస్ట్‌మాన్ నాలుగు రోజుల ముందే చెప్పినా, అందులో ఏముందో కవరు చింపితేనే కదా తెలిసేది. సెకనుకి 400 కిలోమీటర్ల గాలి ఎల్‌1 నుంచి మన దగ్గరికి రావడానికి గంట పైచిలుకు. 800 అయితే అరగంట. మనకి దొరికే కచ్చితమైన హెచ్చరిక అంతే.

హాని జరిగితే నిజంగానే జరుగుతుంది. 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్‌లో దాదాపు 60 లక్షల మందికి తొమ్మిది గంటలు కరెంటు పోయింది. 2022 ఫిబ్రవరిలో, పెద్దదని కూడా చెప్పలేని ఒక అలజడికి పై వాతావరణం ఉబ్బి, అప్పుడే ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 వరకు పడిపోయాయి. 2024 మే 10, 11 తేదీల్లో రెండు దశాబ్దాల్లో అతిపెద్ద అలజడి వచ్చింది. లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. ఆదిత్య పరికరాలు ఆ గాలిని కొలిచాయి. ఆంధ్రలో 13న పోలింగ్, ఆ వారం ఎవరికీ తీరిక లేదు.

అయినా ‘సౌర తుఫాను, ఇంటర్నెట్ బంద్’ అన్న ఫార్వర్డు ఏడాదికి నాలుగుసార్లు వస్తుంది. నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడ. ఈ తీరంలో తుఫాను అన్న మాట పిల్లలకి కూడా బరువుగా తెలుసు. రేవుల్లో ప్రమాద సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. ఎన్నో నంబరు ఎగరేశారో విని వేటకి వెళ్లాలా వద్దా తేల్చుకుంటారు. వాతావరణ శాఖ బులెటిన్‌ని నేను తెలుగులో ఉన్న మంచి వచనాల్లో ఒకటిగా చదువుతాను. వాయుగుండం ఎక్కడుంది, ఎంత వేగంతో ఎటు కదులుతోంది, ఎప్పుడు, ఎక్కడ తీరం దాటొచ్చు, గాలి ఎంత, ఏం చెయ్యాలి. విశేషణాలుండవు, ప్రళయం ఉండదు. ప్రాణాలు కాపాడే వచనం అలాగే ఉంటుంది. అదే మాటని సూర్యుడికి అంటగట్టి, ప్రతి చిన్న అలజడికీ వాడేస్తే, నష్టపోయేది సూర్యుడు కాదు, తుఫాను అన్న మాట.

ఇదంతా కెనడా వాళ్ల గొడవ, మన కనుమలకేం సంబంధం అంటారా? ఒక చోట గట్టిగా ఉంది. జీపీఎస్ సంకేతాలు మనకి పైనున్న ఐనోస్ఫియర్ గుండా వస్తాయి. ఆ పొరలో ఎలక్ట్రాన్లు పెరిగితే సంకేతం ఆలస్యమౌతుంది, లెక్క తప్పుతుంది. అయస్కాంత భూమధ్యరేఖ దక్షిణ భారతం కొసని తాకుతూ పోతుంది కాబట్టి, ఈ పొర మన అక్షాంశాల్లో మామూలు రోజుల్లోనే చపలంగా ఉంటుంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లు దశాబ్దాలుగా దాని మీద పనిచేస్తున్నది ఊరికే కాదు. సూర్యుడి అలజడి తోడైతే ఇంకా చెదురుతుంది. అడవి హక్కుల పట్టాల కోసం పోడు భూముల్ని జీపీఎస్ పరికరాలతో కొలుస్తారు. ఎకరం చదరంగా ఉందనుకుంటే ఒక పక్క సుమారు 64 మీటర్లు. చేతిలో పట్టుకునే మామూలు పరికరం అలజడి రోజున పది మీటర్లు అటూఇటూ అయిందంటే, ఆ పక్కలో ఆరో వంతు గల్లంతు. అరకులో ఎకరం పోడు ఉన్న మనిషికి సౌర పవనంతో ఉన్న సంబంధం అది. ఆకు కదలదు గానీ గట్టు కదలొచ్చు.

గట్టు అనుకున్నాం కాబట్టి మూడో మాట. సౌర పవనం ఎక్కడిదాకా వీస్తుందో అక్కడిదాకా ఉన్న మొత్తం బుడగని హీలియోస్ఫియర్ అంటున్నారు. తెలుగులో దీనికి ఆవరణం అనో, గోళం అనో తగిలించి రకరకాల మాటలు చేశారు. ఒక్కటీ నోటికి పట్టలేదు. ఉన్న మాటలు సరిపోవా? గాలి వీచినంత మేరా సూర్యుడి ఏలుబడి. నక్షత్రాల మధ్య ఉండే వాయువు ఎదురు నెట్టి ఆ గాలిని ఆపేసే చోటు పొలిమేర. పొలిమేర అన్నాక తగాదా ఉండాలి కదా, ఉంది. 2012 ఆగస్టు 25న, సూర్యుడికీ భూమికీ ఉన్న దూరానికి 121 రెట్ల దూరంలో, వాయేజర్ 1 చుట్టూ సూర్యుడి కణాలు హఠాత్తుగా తగ్గిపోయాయి, బయటి కణాలు పెరిగాయి. కానీ అయస్కాంత క్షేత్రం దిక్కు అనుకున్నట్టు మారలేదు. నేరుగా తేల్చాల్సిన ప్లాస్మా పరికరమేమో 1980లోనే పాడైపోయింది. దాటిందా, దాటలేదా? ఏడాది పాటు నడిచింది ఈ గట్టు తగాదా. చివరికి 2012 మార్చిలో సూర్యుడి మీద జరిగిన ఒక పేలుడు తాలూకు అల ఏడాది దాటాక అక్కడికి చేరి, చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లని మోగించింది. ఆ మోత శ్రుతిని బట్టి అవి ఎంత చిక్కగా ఉన్నాయో లెక్కకట్టారు. లోపలికంటే దాదాపు నలభై రెట్లు. దాటేసిందని తేలింది. 2018 నవంబర్ 5న వాయేజర్ 2, పనిచేస్తున్న పరికరంతో, ఇంకోచోట దాటి ఆ తీర్పుని ఖాయం చేసింది.

పార్కర్ కథలోనూ వాయేజర్ కథలోనూ జరిగింది ఒకటే. మనుషులు ఒక మాట కోసం పోట్లాడుకున్నారు, దూరంగా ఒక యంత్రం ఓపిగ్గా లెక్కపెట్టి తేల్చింది. తెలుగు సైన్సు రచనకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. నందూరి రామమోహనరావు ‘విశ్వరూపం’ రాసినా, కొడవటిగంటి రోహిణీప్రసాద్ వ్యాసాలు రాసినా, వేమూరి వేంకటేశ్వరరావు మాట కోసం నిఘంటువు కట్టినా, పాఠకుణ్ణి చప్పట్లు కొట్టే జనంగా చూడలేదు, ఎదురుగా కూర్చున్న మనిషిగా చూశారు. ఆ తీరు ఇప్పుడు ఇంకా అవసరం. ఎందుకంటే ఆదిత్య డేటాని ఇస్రో 2025 జనవరి 6 నుంచి అందరికీ తెరిచింది. ‘ప్రదాన్’ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే చాలు. పాడేరులోనో అరకులోనో డిగ్రీ చదివే అమ్మాయి ఫోన్లో ఆ ఫైళ్లు దింపుకోగలదు. దింపుకున్నాక దాన్ని ఎలా చదవాలో చెప్పే పది పేజీల తెలుగు ఆమెకి దొరకదు.

కాబట్టి కవిత్వం అడగడం లేదు, ఒక బులెటిన్ అడుగుతున్నాను. ఈసారి అలజడి వచ్చినప్పుడు తెలుగు పత్రికలో ఇలా ఉంటే చాలు, ఇది నేను మచ్చుకి రాసింది: “సూర్యుడి మీద మొన్న బయల్దేరిన మేఘం ఇప్పుడే ఎల్‌1 దాటింది. వేగం సెకనుకి 700 కిలోమీటర్లు. అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంది. సుమారు 36 నిమిషాల్లో భూమిని తాకుతుంది. మన ప్రాంతంలో కొన్ని గంటలపాటు జీపీఎస్ కొలతలు తప్పొచ్చు. భూముల సర్వే ఉంటే రేపటికి వాయిదా వేసుకోండి. ఇళ్లలో కరెంటుకి, ఫోన్లకి భయం లేదు.”